ఎటు తిప్పితే అటు లంబకోణం

అండమాన్‌లోని మాయాబందర్ దగ్గర ఒక తెలుగు బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. కోణాలను బట్టి త్రిభుజాలను విడదీయడానికి పిల్లలకో ఉపాయం నేర్పాను. నోటుపుస్తకం మూల సరిగ్గా సరిపోతే లంబకోణం, అంతకంటే చిన్నదైతే అల్పకోణం, పెద్దదైతే అధికకోణం.

తనిఖీకి పోర్ట్ బ్లెయిర్ నుంచి మన తెలుగాయనే, ఒక అధికారి వచ్చారు. నేను కత్తిరించిన అట్ట త్రిభుజం ఒకటి తీసి, లంబకోణం పైకి వచ్చేలా పట్టుకుని, ఏ రకమని అడిగారు.

"లంబకోణ త్రిభుజం సార్," అంది మేరీ.

"గలత్. లంబకోణం కిందుండాల." ఆయన అట్టను తిప్పారు. "అబ్ హువా లంబకోణం."

మేరీ లేచి వెళ్లి, అట్టను మళ్లీ పైకి తిప్పి, పుస్తకం మూల ఆనించింది. "ఇలాగైనా బరాబర్ సరిపోతంది, దేఖియే సార్."

ఆయన నావైపు చూశారు. నా బదిలీ దరఖాస్తు పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన బల్ల మీదే ఉంది.

"సార్ చెప్పిందే కరెక్ట్," అన్నాను.

నా బోధన చాలా స్పష్టంగా ఉందని రిజిస్టరులో రాసి ఆయన వెళ్లిపోయారు. బదిలీ ఇంతవరకూ రాలేదు.

తనిఖీ అయిన మర్నాడు బోర్డు మీద త్రిభుజం గీసి, ఇది ఏ రకమని అడిగాను. మేరీ తాపీగా లేచింది.

"ఇయ్యాల ఎవరన్నా వస్తున్నారా మేడమ్?"