పన్ను పీకిన దినం సంగటి ముద్ద

మైదుకూరులో కూతురింటికి పోయొచ్చిన మా పక్కింటి ఖాసీంబీ, చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా ఆ కబురు అందరికన్నా ముందు నాకు మోసుకొచ్చింది. "అక్కా, మీ ఆడబిడ్డోళ్లు కొత్తింట్లో చేరేదానికి దినం పెట్టుకున్నారంట. వచ్చే శుక్రవారమే! హారతి పాట నువ్వే పాడల్లంట!" అంత మంచి కబురు విన్న నాలుగో దినానికి నా నోట్లో చిటికెనవేలు కూడా పట్టకుండా పోయింది. ఇందులో ఖాసీంబీ తప్పు లేదు, దేవుడి తప్పు అసలే లేదు. తప్పంతా ఆరేండ్ల కిందట నేనుగా ఉండిన మనిషిది. ఆ మహాతల్లిని ఈ పూట మీ ముందర నిలబెడతాను, మొహమాటం లేకుండా నవ్వండి.

ఆమెకు ఒక గర్వం ఉండేది. మా అత్త నారాయణమ్మ నేర్పిన హారతి పాట మా ఇండ్లల్లో తనకు తప్ప ఇంకెవరికీ రాదని. తాను నోరు తెరవకపోతే లక్ష్మీదేవి లోపలికి రాకుండా గడప బయటే చెప్పులు విప్పి కూర్చుంటుందని.

కింది దవడ చివర జ్ఞానదంతం నెల నుంచీ సలుపుతోంది. అది జ్ఞానం ఉన్నవాళ్లకే వస్తుందని మీరు అనుకుంటూ ఉంటే, నన్ను చూసి ఆ భ్రమ వదులుకోండి.

"శుక్రవారం దాటినాక పీకించుకో మ్మే," అన్నాడు మా ఇంటాయన.

"పాట మధ్యలో సలిపితే? పూర్ణం ఓళిగలు యా పక్క నమలల్ల?"

సోమవారమే నందికొట్కూరు నుంచి కర్నూలుకు పోయి పీకించుకున్నాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక మాత్రం పెద్దది. "ఈ రోజంతా చల్లగా, మెత్తగా ఉన్నవే తీసుకోండమ్మా. పెరుగు, ఆరిన జావ. వేడి, కారం వద్దు. గుంతలో రక్తం గడ్డకట్టి ఉంటుంది, అది కదలకూడదు. దవడ కొన్నాళ్లు బిగుసుకుంటుంది, భయపడొద్దు. రేపటి నుంచి ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ మెల్లమెల్లగా నోరు తెరవడం అలవాటు చేయండి. నమిలే పని మాత్రం పెట్టుకోవద్దు," అని చెప్పి, అదంతా తెలుగులో అచ్చేసిన కాగితం కూడా చేతికిచ్చింది.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువే. ఆయన పుణ్యాన కాగితంలో ప్రతి అక్షరమూ చదివినాను. చదివి, అర్థం మాత్రం నాకు అనువుగా చేసుకున్నాను.

ఎట్లంటారా? మా సీమలో రాగి సంగటిని ఎవరు నములుతారు చెప్పండి? తుంచి, ఊరిమిండి పచ్చడిలో అద్ది, గుటుక్కున మింగడమే. నమిలేవాణ్ణి చూస్తే ఊరికి కొత్తగా వచ్చినాడని పక్కకు తిరిగి నవ్వుతాం.

సాయంత్రం అత్త గిన్నె తెచ్చింది. "జావ ఆరబెట్టి మజ్జిగ పోసినా. తాగి పండుకో."

"జావతో పాటకు బలం యాడనుంచి వస్తాది అత్తా? నాకూ సంగటి పెట్టు."

"మతి ఉండే మాట్లాడ్తాండావా? మధ్యాన్నం గదా పన్ను పీకించుకుంటివి!"

"ఆయమ్మ నమలొద్దనింది గానీ మింగొద్దన్లేదు."

"వేడిది వద్దని గూడా అనింది. నేను పక్కనే ఉంటి," అన్నాడు మా ఆయన.

"నోట్లో నిలిస్తే గదా వేడి? నేరుగా గొంతులోకి పోయేదానికి వేడేంది, చలవేంది!"

ఈ తర్కానికి జవాబు చెప్పగలిగిన పండితుడు భూమ్మీద లేడు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. నేనూ అదే పని చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నోరు రెండు వేళ్లంతే తెరుచుకుంటోంది. దవడ ఒక పక్క ఇంకా మొద్దుబారే ఉంది. నేరేడుపండంత ముద్ద చేసి, శెనిక్కాయల ఊరిమిండిలో అద్ది, సంతనాటి బస్సులోకి మూటను తోసినట్టు బొటనవేలితో లోపలికి తోసినాను. గొంతు దాకా పోతే గదా! మొద్దుబారిన బుగ్గలో ఇరుక్కుంది. నాలుకతో కదిలించబోతే ముద్దా, మిరపకాయ కారమూ, శెనిక్కాయ పలుకులూ ఊరేగింపుగా పోయి ఆ గుంతలో దిగినాయి.

అమ్మా! అమ్మవారి జాతరలో నిప్పులు తొక్కినవాళ్లు కూడా అట్లా ఎగిరి ఉండరు. నెత్తురు మళ్లీ మొదలైంది. దూది కరిచిపట్టుకొని గోడకు ఆనుకుంటే, మా ఆయన తీరిగ్గా అడిగినాడు: "పాటకు బలం వచ్చిందా?"

తెల్లారి మళ్లీ కర్నూలు. డాక్టరమ్మ గుంత కడుగుతూ ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే అంత సిగ్గేసేది కాదు. దవడ మాత్రం తుప్పుపట్టిన గొళ్లెం మాదిరి బిగుసుకుపోయింది. అత్త అటక మీది ఉగ్గుగిన్నె దింపి, నలభై ఏండ్ల బిడ్డకు పెదవుల సందులోంచి జావ పోసింది. పూటపూటా వేడిగుడ్డతో కాపడం పెట్టింది.

అయినా నాకు బుద్ధి వచ్చిందా? మూసిన పండ్ల వెనక నుంచే పాట సాధన మొదలుపెట్టినాను. గోడ అవతల నుంచి ఖాసీంబీ కేక వేసింది: "అక్కా, మీ మిక్సీ చెడిపోయినట్టుండాది, బాగుచేసేవాణ్ణి పిలిపించల్లా?"

శుక్రవారం మైదుకూరులో పళ్లెంలో కర్పూరం వెలిగింది. ఇల్లంతా మనుషులు. ఆడబిడ్డ సరోజ, "పాడు వదినా," అంది. నోరు తెరిచినాను. అంటే, తెరిచినాననుకున్నాను. ముక్కులోంచి ఒక కీచుమోత వచ్చింది. కర్పూరం కరిగిపోతోంది. కొత్తింటి మొదటి హారతి నా మూలంగా మూగదైపోతుందని కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

అత్త నా చెయ్యి పట్టుకొని మెల్లగా ఎత్తుకుంది. రెండో మాటకు సరోజ కలిసింది. మూడో మాటకు తోడికోడళ్లు, పిన్నత్తలు, అందరూ! ఒక్క అక్షరం తప్పు పోలేదు. మాతో పాటు వచ్చి గడప దగ్గర నిలబడిన ఖాసీంబీ కూడా పల్లవి అందుకుంది.

తర్వాత సరోజను పక్కకు లాగి, పండ్ల సందులోంచి అడిగినాను: "మీకందరికీ ఈ పాట యెప్పుట్నుంచి వచ్చు?"

"చిన్నప్పట్నుంచీ, వదినా. నువ్వు నోరు మూస్తే గదా మేం తెరిచేది!"

దేవుడి ఎదుట ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను: ఇంకో పన్ను పీకించుకున్న దినం సంగటి వాసన వస్తే ముక్కు మూసుకుంటాను, హారతి పళ్లెం ముందర వరసలో చివర నిలబడతాను.

ఆ దినం అందరూ ఓళిగలు తింటుంటే మా అత్త తన విస్తరి వదిలేసి, నా కోసం పాయసం ఆరబెడుతూ కూర్చునింది. ఈ నెలలో ఆమెకు కంటి ఆపరేషన్ ఉంది. మీరు దీపం పెట్టేటప్పుడు మా నారాయణమ్మను ఒక్కసారి తలచుకోండి.