బెంచీ మీద నవ్వు

ఆ వీధి కుర్రాళ్ళందరికీ ఆయన సెలూన్ బాబాయే. సాయంత్రమైతే చాలు, క్షవరం పని ఉన్నా లేకపోయినా అరడజను మంది ఆ షాపులో గోడవార బెంచీ మీద చేరేవారు. డిగ్రీ చివరి ఏడాది చదివే ఆయన కొడుకూ వాళ్ళలో ఒకడు. అమ్మాయిల గురించి వాళ్ళ మాటలు వింటే చెవులు మూసుకోవాలి. మొదట్లో కొడుకు తల దించుకునేవాడు. మగాడివేనా అని నలుగురూ ఏడిపించేసరికి వాడూ మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండానే అందరినీ మించిపోయాడు. బాబాయ్ మందలించలేదు సరికదా, అద్దంలోంచి చూసి తనూ నవ్వేవాడు. నవ్వకపోతే ముసలాడంటారని బెంగ. యాభై దాటిన మనిషికి అదేం పోయేకాలమో.

మొన్న కొడుకు ఫోన్లో ఒకమ్మాయి వాయిస్ మెసేజ్ వినిపించాడు. తనకిష్టం లేదని, వెంటపడొద్దని ఏడుస్తూ బతిమాలుతోంది. వద్దంటే అవుననేరా అన్నాడెవడో. అంతా ఘొల్లున నవ్వారు. బాబాయ్ కత్తెర ఆపి మరీ నవ్వాడు.

ఈ ఉదయం డ్రిల్లు మాస్టారు గడ్డం చేయించుకోవడానికి వచ్చాడు. ఏళ్ళ తరబడి వస్తున్న మనిషి. ఒక చెంప అయ్యాక, తన కూతురు కాలేజీ మానేసిందని మామూలుగా చెప్పాడు. వెంటపడొద్దని ఎవడికో మెసేజ్ పంపిందట, వాడది ఊరంతా వినిపించాడట. పేరడిగితే పిల్ల నోరు విప్పడం లేదట.

మొన్న తను విన్నది ఆ పిల్ల గొంతేనని బాబాయ్‌కి తెలిసిపోయింది. రెండో చెంపకు నురగ రాస్తూనే ఉన్నాడు. తను చెప్పకపోతే మాస్టారికి చెప్పేవాళ్ళు లేరు. చెబితే కొడుకు బతుకు ఏమవుతుందో. కత్తి తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"మావాడే మాస్టారూ. ఇక్కడే వినిపించాడు."

"నువ్వేమన్నావు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"నవ్వాను."

మాస్టారు మెడలోని తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టి, చెంపన నురగతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొడుకు అందరికంటే ముందొచ్చాడు. మాస్టారికి అంతా చెప్పేశానని బాబాయ్ అనగానే వాడి మొహం పాలిపోయింది.

"నువ్వూ నవ్వావు కదా నాన్నా."

"నవ్వాను. పద, మాస్టారింటికి. ఇద్దరం వెళ్ళాలి."

బాబాయ్ షట్టరు దించేశాడు.