తోకకు తల కుట్టిన దర్జీ

మిషను తొక్కడం మానేసి చాలాకాలమైంది గానీ, ఆ దర్జీ చేతిలో కత్తెర ఆడినన్నాళ్లూ బడి నాటకాల బట్టలన్నీ ఆయనవే. మిగిలిన ముక్కలతో కోతుల్ని, పిల్లుల్ని కుట్టి వీధి పిల్లలకు పంచేవాడు. ఆ రోజులు తలుచుకుంటే మాత్రం ముందుగా కళ్లముందు ఈదేది సముద్రపు జంతువే.

"మనుషులు పుట్టకముందెప్పుడో సముద్రంలో తిరిగిన సరీసృపమండీ. పిల్లలకు చూపించాలి, గుడ్డబొమ్మ కుట్టిపెట్టండి" అని టీచరమ్మ ముక్కల కొలతలు చెప్పింది. బొమ్మ గీయడం మాత్రం తనకు చేతకాదంది. ఆ తరగతిలోనే చదివే దర్జీ మనవరాలు ఊరుకుంటుందా? "మా తాత కుడుతున్నాడు" అని బడంతా దండోరా వేసింది.

తల, పొట్ట, ఈదడానికి నాలుగు తెడ్లు, ఒక పొట్టి గొట్టం, ఒక బారెడు గొట్టం. అన్ని కోతుల్ని కుట్టిన చేతికి అనుమానం దేనికి? పొడుగుది తోకే. తలను పొట్టిదానికి కుట్టేశాడు.

తెచ్చి తరగతిలో బల్లమీద పెట్టగానే టీచరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో టైలర్ గారూ, ఆ పొడుగుది మెడండీ!"

"ఇంత మెడా? దీనికి మఫ్లరు చుట్టాలంటే ఓ తాను బట్ట కావాలి కదమ్మా!"

"మీ తాతకు తలేదో తోకేదో తెలీదే!" అన్నాడు వెనక బెంచీవాడు. తరగతి గొల్లుమంది. ముందు బెంచీలో మనవరాలు మెల్లగా గోడవైపు జరిగింది. నవ్వులు ఆయనకు తగల్లేదు. ఆ జరగడం తగిలింది.

"నవ్వకండర్రా. దీని ఎముకలు పేర్చిన పెద్ద శాస్త్రవేత్తే తలను తోకకు పెట్టాడు" అని కసిరి, "రేపు సరిచేసి తెండి" అంది టీచరమ్మ.

ఇంటికి పట్టుకెళ్తే ఆ పిల్ల రేపు బడి మొహం చూడదు. అక్కడే కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పాడు.

"దీని పేరేంటమ్మా?"

"ఎలాస్మోసారస్."

ఎవరికీ నోరు తిరగలేదు.

"సూది గుచ్చినప్పుడల్లా ఒక్కో ముక్క అనండర్రా. తప్పారా, కుట్టు విప్పేస్తా."

"ఎ..." దారం లాగాడు. "లా..." "స్మో" దగ్గర సగంమంది బోర్లాపడ్డారు. కుట్టు విప్పాడు. మళ్లీ మొదలు. సూది మెడ చుట్టూ సగం తిరిగేసరికి తరగతి పాటలా అందుకుంది. అంతలో దారం అయిపోయింది.

"ఆగు తాతా, నేనెక్కిస్తా." మనవరాలు గోడ వదిలి వచ్చింది. దారం కొస తడిచేస్తూ వెనక బెంచీకేసి తిరిగింది. "మా తాతే కుట్టాడు. ఏదీ, నువ్వొక్కడివే పేరు చెప్పు, చూద్దాం!"

దారం ఆయనే ఎక్కించుకోగలడు. అయినా సూది ఆ పిల్ల చేతిలో పెట్టాడు.