పదకొండు ఒకట్ల సవతి

మొన్న ఆదివారం రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడి తలెత్తి చూస్తే గడియారం 11:11 చూపిస్తోంది. అంతే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండింది. పక్కనే ఉన్న మావారు మాత్రం ఫోనులోంచి తల ఎత్తలేదు.

నా తరం ఆడవాళ్లకి చెబితే అర్థమవుతుంది కాబట్టి చెబుతున్నాను, పెళ్లయిన కొత్తలో నాకో సవతి ఉండేది. మనిషి కాదు, సంఖ్య. ఒకటి పక్కన ఒకటిగా పదకొండు ఒకట్లు రాస్తే వచ్చే, పదకొండు వందల కోట్లు దాటిన సంఖ్య. అప్పట్లో నిజాంపేటలో అద్దెకుండేవాళ్లం. ఆయన హైటెక్ సిటీలో పగలంతా కంప్యూటరు ముందే కూర్చునేవారు కానీ, ఈ సంఖ్య దేనితోనైనా శేషం లేకుండా పోతుందా అన్నది మాత్రం దాన్ని అడిగేవారు కాదు. పరాయివాళ్ల నోట వినే సంగతి కాదోయ్ అనేవారు. మూడు ఒకట్లు ముప్ఫై ఏడుకి లొంగాయి, ఐదు ఒకట్లు నలభై ఒకటికి లొంగాయి, ఇది దేనికీ లొంగదు చూడు అని మురిసిపోతూ, ఆఫీసు బస్సులోనూ అన్నం ముందూ చిత్తుకాగితాల మీద చేత్తోనే భాగహారాలు చేసేవారు. నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా చూపు వాటి మీదే. అన్నీ సన్నగా, నిటారుగా ఉండే ఒకట్లు, నేనేమో అప్పటికే కాస్త బొద్దు. కుళ్లి చచ్చేదాన్ని.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఏందమ్మా, సారు ఎప్పుడు జూసినా రాస్తనే ఉంటడు, ఎవరికి రాస్తుండో జర చూసుకో" అంది. ప్రేమలేఖలైతేనే నయం అనిపించింది, చింపి పారేయొచ్చు కదా.

నేను అలిగితే, ఇది తేలనీ, ఇక ఆదివారాలన్నీ నీవే అని మాట ఇచ్చారు. అది విరగాలని నేను మొక్కని దేవుడు లేడు. చివరికి ఓ వాన సాయంత్రం తడిసి ముద్దై వచ్చి, విరిగిందోయ్, ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదితో శేషం లేకుండా పోయింది అన్నారు. పీడ విరగడైందని పాయసం చేసి పెడితే, అది తింటూనే, మరి పదిహేడు ఒకట్లో అంటూ కాగితం అందుకున్నారు. కొత్త సవతి ఇంకా పొడగరి.

ఆ పొడగరి ఎప్పుడు మా ఇంట్లోంచి వెళ్లిపోయిందో గుర్తు లేదు. పదోన్నతులు వచ్చాయి, పిల్లలు వచ్చారు, ఫోన్లు వచ్చాయి. అందుకే మొన్న ఆ ప్లాట్‌ఫారం మీద, ఏమండీ, పంతొమ్మిది ఒకట్లు విరుగుతాయా అని కావాలనే అడిగాను. ఒకప్పుడైతే ఆ ప్రశ్నకి మిగతా జీవితమంతా చాలేది కాదు. ఆయన ఫోనుని అడిగి, "విరగవట" అని, మళ్లీ ఏదో వీడియోలో పడ్డారు.

ఇప్పుడు ఆదివారాలన్నీ నావే. చిత్తుకాగితం మీద వంగిన ఆ ముఖంలో వెలుగు నా కోసం కాకపోయినా, రోజూ ఎదురుగా కూర్చుని దాన్ని చూసిన బొద్దు మనిషి ఒకతె ఉండేది. ఇప్పుడు నా కుళ్లంతా ఆవిడ మీదే.