ఛీ పాట్టి జపాన్ ప్రయాణం

మలేషియాలో, ఇపో ఊళ్ళో మా ఇళ్ళ వరసలో చివరిది దేవుడమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి. బాగాన్ డాటో వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చి, ఒక ఆసుపత్రిలో బట్టలుతికే చోట పాతికేళ్ళకు పైగా పనిచేసింది. నెత్తురు, చీము, వాంతులు, మలం అంటిన దుప్పట్లు అక్కడికి బస్తాల్లో వస్తాయి. వాటిని చేత్తో విడదీసి యంత్రాల్లో వేయాలి. కొత్తగా చేరిన ఆడవాళ్ళలో చాలామంది వారం తిరక్కుండానే పని మానేసేవారట. దేవుడమ్మ మాత్రం "మనిసి ఒంట్లోంచి ఒచ్చిందే గదా, దానికి అసయ్యమేటి" అనేది. ఇంటికొచ్చి స్నానం చేసి కడుపు నిండా అన్నం తినేది. అల్లుడు వచ్చేదాకా ఆమె నోట ఛీ అన్న మాట నేను వినలేదు.

భర్త వీరాస్వామి పోయాక కూతురు పునిత, అల్లుడు కుగన్ ఆ ఇంట్లోకే వచ్చి చేరారు. కుగన్ తమిళుల పిల్లవాడు. ఫోన్ల దుకాణంలో ఉద్యోగం ఊడిపోయాక వీడియోలు తీయడం మొదలుపెట్టాడు. ఊళ్ళో తిండి కొట్ల గురించి తీస్తే ఎవరూ చూడలేదు. ఒకరోజు సరదాకి అత్తగారి నోట్లో బూజు పట్టిన విదేశీ జున్ను ముక్క పెట్టి తీశాడు. ఆమె మొహం చిట్లించి "ఛీ ఛీ, ఏటిరా ఇది" అంది. ఆ ఛీని లక్షల మంది చూశారు. అప్పటినుంచి ఆమె పేరు ఛీ పాట్టి అయింది. పాట్టి అంటే తమిళంలో అవ్వ.

వారం వారం ఏదో ఒకటి తెచ్చేవాడు. నల్లబడిన గుడ్డు, వేయించిన పట్టుపురుగులు, చేప కళ్ళు. నిజానికి వాటిలో సగం ఆమెకు బాగానే ఉండేవి. బాగుందంటే మాత్రం కుగన్ ఊరుకునేవాడు కాదు. "అత్తే, ఛీ సొల్లు, పెద్దగా సొల్లు లా" అని, గట్టిగా ఛీ చెప్పమని, మళ్ళీ తీసేవాడు. మాట చివర లా అనడం ఇక్కడివాళ్ళ అలవాటు. "ఎందుకు దేవుడక్కా ఈ వేషాలు?" అని నేనొకసారి అడిగితే, "గుంట సంసారం దీని మీదే నడస్తంది ఉమా. నాలుగు ముద్దలు తింటే నాకేటి పోద్ది" అంది.

ఒక్క మాట మాత్రం మొదటిరోజే చెప్పింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను. "గొడ్డు మాంసం ఒక్కటి ఒద్దురా. ఇంకేటి ఎట్టినా తింటాను." ఎస్టేటులో వాళ్ళమ్మ రెండావులను పెట్టుకుని పాలమ్మి పిల్లలను పెంచింది. కుగన్ చెంపలు వేసుకుని, "అయ్యో అత్తే, నేనూ హిందూనే లా" అన్నాడు.

పోయిన అక్టోబరులో ముగ్గురూ జపాన్ వెళ్ళారు. అక్కడ కొండల్లో ఒక స్టేషనుంది, దానికి దారి లేదు, రైల్లో వచ్చి రైల్లోనే పోవాలి, అక్కడ వీడియో తీస్తే అందరూ చూస్తారని కుగన్ పట్టుబట్టాడు. దేవుడమ్మ అంతకుముందు విమానం ఎక్కలేదు. నా దగ్గర ఉన్ని కోటు అడిగి తీసుకెళ్ళింది.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరి రెండు రైళ్ళు మారారు. చివరిది ఒకే పెట్టె ఉన్న చిన్న రైలు. డ్రైవరు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, కనబడిన ప్రతి సిగ్నలునూ వేలితో చూపించి తనలో తను ఏదో చెప్పుకుంటున్నాడు. అది చూసి దేవుడమ్మకు ముచ్చటేసింది. పెట్టెలో ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. కుగన్ ఒక్కడే ఫోను మొహానికెదురుగా పట్టుకుని అరిచినట్టు మాట్లాడుతున్నాడు. బూట్లు విప్పి ఎదుటి సీటు మీద కాళ్ళు చాపాడు. ఎండబెట్టిన స్క్విడ్ పొట్లం విప్పి తిని, జిడ్డు చేతిని సీటు గుడ్డకు తుడిచాడు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ లేచి అవతలికి పోయింది.

"ఏటిరా అది? సేతి గుడ్డ లేదా?" అంది దేవుడమ్మ.

"వాళ్ళు కడుగుతారు అత్తే. నువ్వు ఆసుపత్రిలో కడగలేదా?" అని నవ్వాడు. పునిత కూడా నవ్వింది. దేవుడమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

స్టేషన్ అంటే సిమెంటు అరుగు ఒకటి, ఇనుప కమ్మీలు, నాలుగు బల్లలు. వెనక కొండ. ముందు చాలా లోతున పచ్చటి నది. టిక్కెట్లిచ్చే గది లేదు, మెట్లు లేవు, కొట్టు లేదు, కుళాయి లేదు. నదిని చూడడానికే కట్టిన స్టేషనట. వీళ్ళను దించి రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలు దాదాపు రెండు గంటలకు.

వాళ్ళతోపాటు దిగింది ఒక్క జంట. వాళ్ళూ మలేషియా వాళ్ళే, క్వాలా సెలంగోర్ నుంచి వచ్చిన మలాయ్ ముస్లింలు. భార్య పేరు సల్మియా. దేవుడమ్మను చూడగానే గుర్తుపట్టి, నోటి మీద చెయ్యేసుకుని నవ్వింది. "మక్చిక్, మీరు ఛీ పాట్టి కదూ! మా పిల్లలు మీలాగే ఛీ అంటారు" అని మలాయ్‌లో చెప్పి పక్కన నిలబడి ఫోటో తీసుకుంది. మక్చిక్ అంటే పిన్నిగారూ అన్నట్టు. దేవుడమ్మ సంతోషపడింది.

తర్వాత కుగన్ అత్తగారిని నది కనబడేటట్టు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఫోను పునితకిచ్చి, సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీశాడు. పొద్దున ఊళ్ళో కొన్నది. అన్నం మీద నల్లటి తీపి పులుసులో ఏవో పల్చటి ముక్కలు.

"ఏటిది?"

"పుట్టగొడుగులు అత్తే. జపాన్ పుట్టగొడుగులు. కళ్ళు మూసుకో."

ఆమె కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. రెండు ముద్దలు తింది. మూడోది కూడా తింది. "బాగుందిరా, మెత్తగుంది" అంది.

"నిజంగా బాగుందా?"

"బాగుంది."

కుగన్ ఫోను వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. "అత్తే, అది ఎన్నా తెరియుమా? మాడు! మాడు లా అత్తే, జపాన్ ఆవు, ప్రపంచంలోనే నంబర్ వన్!"

మాడు అంటే ఏమిటో ఆమెకెవరూ చెప్పనక్కర్లేదు. ఇపోలో తమిళం రాని తెలుగువాళ్ళు లేరు. నోట్లో ఉన్నది అరచేతిలోకి ఉమ్మేసింది. మింగేసింది గొంతులోనే ఉన్నట్టు అనిపించింది. లేచి కమ్మీ పట్టుకుని వంగింది. మెడలో వేసుకున్న శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది, అందులోనే వాంతి అయింది. కడుక్కుందామంటే నీళ్ళు లేవు. నది కింద కనబడుతూనే ఉంది.

"పునీ, దగ్గరికి వెళ్ళు, దగ్గరికి!" అని కుగన్ అరుస్తున్నాడు.

పునిత దగ్గరికి వచ్చింది. దేవుడమ్మ తల పైకెత్తి చూస్తే, కూతురి మొహం ఫోను వెనక ఉంది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"ప్రాంక్ లా అమ్మా. సీరియస్ తీసుకోకు లా."

"తెలుసా, తెల్దా?"

పునిత ఫోను దించలేదు. మొగుడి వైపు చూసింది.

అప్పటికి కుగన్‌కు సంగతి కాస్త అర్థమైంది. "అత్తే, అత్తే, ఊరికే అన్నాను. కోడి మాంసం అది. చికెన్ లా!" అన్నాడు.

"ఏది అబద్దం? ముందు సెప్పిందా, ఇప్పుడు సెప్పిందా?"

"చికెన్, సత్యంగా చికెన్."

ఈలోగా సల్మియా పరుగెత్తుకొచ్చింది. తన నీళ్ళ సీసా మూత తీసి, "పుక్కిలించండి మక్చిక్" అని చేతిలో పెట్టింది. వీపు రాసింది. ఆ సీసా అంతా అయ్యేదాకా దేవుడమ్మ పుక్కిలించి పట్టాల మీదికి ఉమ్మింది. సల్మియా బల్ల మీది డబ్బా తీసి, దాని మీద అతికించిన చీటీకి తన ఫోను చూపించింది. పంది కలిసిందేమోనని ఆ దేశంలో ఏది కొన్నా ఆమె అలాగే చదివించుకుంటోందట. ఫోనులో మలాయ్ అక్షరాలు వచ్చాయి. సల్మియా అవి చదివింది. తర్వాత దేవుడమ్మ చెవి దగ్గర మెల్లిగా, "లెంబు" అంది.

ఆవు అని.

"నాకు పంది పెట్టి ఇలా నవ్వితే నేను బతకలేను" అని సల్మియా తన భర్తతో అనడం దేవుడమ్మకు వినబడింది. ఆయన కెమెరా సంచిలో పెట్టేసి, కుగన్ వైపు చూడకుండా అరుగు చివరికి వెళ్ళిపోయాడు.

రైలు రావడానికి ఇంకా గంటన్నర. పోవడానికి దారి లేదు. దేవుడమ్మ సల్మియా పక్కన కూర్చుంది. కుగన్ అవతలి బల్ల మీద కూర్చుని, కాసేపు ఫోను చూసుకుని, తర్వాత ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మిగిలింది తిన్నాడు. "వేస్ట్ చేయకూడదు కదా" అని పునితతో అన్నాడు. పులుసు చుబుకం మీదికి కారితే వేలితో తీసి నాకాడు. నమిలే చప్పుడు ఇటువైపు దాకా వినబడింది.

ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు దేవుడమ్మ మాట ఆపి కిటికీలోంచి బయటికి ఉమ్మింది. "ఆసుపత్రిలో నానెన్ని సూసినానో నీకు తెలుసు ఉమా. పురుగులు పట్టిన కట్లు ఈ సేత్తో ఇప్పినాను. ఆడు అలా నవుల్తా ఉంటే ఒచ్చిన రోత నాకు జన్మలో రాలేదు. ఆడి పక్కన కూకుని నా కూతురు ఆడికి కాయితం అందిస్తంది, మూతి తుడుసుకోమని."

కూర్చున్నచోట ఆమె సల్మియాను ఒకటి అడిగింది. తన వీడియోలు చూపించమంది. ఇంట్లో కుగన్ తీసిన ముక్కలు చూపించేవాడే గాని, జనం చూసేవి ఆమె ఎప్పుడూ చూడలేదు. సల్మియా మొహమాటపడుతూ ఒకటి పెట్టింది. అందులో దేవుడమ్మ నోరు మొహమంత పెద్దదైంది. ముక్కు పంది ముక్కులా మారింది. ఆమె ఛీ అన్నప్పుడల్లా కుక్క కక్కుతున్న చప్పుడు. సల్మియా సగంలోనే ఆపేసింది.

"నన్ను సూసి నవ్వినావా నువ్వూ?" అని మలాయ్‌లో అడిగింది దేవుడమ్మ.

"నవ్వాను మక్చిక్. క్షమించండి" అంది సల్మియా.

రైలెక్కే ముందు దేవుడమ్మ కుగన్ దగ్గరికి వెళ్ళి, ఆ వీడియో తన ఎదురుగానే తీసేయమంది. అతను ఫోను మీద ఏదో నొక్కి, "పోయింది అత్తే" అన్నాడు. రైల్లో ఆమె సల్మియా వాళ్ళ దగ్గర కూర్చుంది. కూతురు వచ్చి నీళ్ళిస్తే తీసుకోలేదు.

ఇపో వచ్చిన వారానికి ఆ వీడియో బయటికొచ్చింది. మా అబ్బాయి చూపిస్తేనే నాకు తెలిసింది. తిట్టినవాళ్ళు తిట్టారు, నవ్వినవాళ్ళు నవ్వారు. తెలుగు సంఘం నుంచి అచ్చయ్యగారు ఫోన్ చేసి పోలీసు స్టేషనుకు వెళ్దామన్నారు. దేవుడమ్మ ఒద్దంది. జనం తిట్లు ఎక్కువయ్యాక కుగన్ క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. హాల్లో ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఏడుస్తూనే వాడి కళ్ళు పక్కకు పోతుండడం ఆమె గమనించి అటు చూసింది. చెప్పుల అలమారా మీద ఫోను నిలబెట్టి ఉంది.

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. "లెగు" అంది. "మీ ఇద్దరూ నా ఇంట్లోంచి ఎల్లిపోండి. ఇది కూడా ఫోన్లో తీసుకో, అందరికీ సూపించు."

ఆ నెలాఖరుకు వాళ్ళు ఊరి చివర మెంగ్లెంబులో గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు ఊరుకుని కుగన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు పునితకు తినిపిస్తున్నాడు. మొన్న బతికున్న పురుగును నాలుక మీద పెట్టాడు. పునిత కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది. దేవుడమ్మ చూడనంది, నేనూ చూపించలేదు.

పోయిన ఆదివారం పునిత ఒక్కతే వచ్చింది. నేను దేవుడమ్మ వంటింట్లో కూర్చుని ఉన్నాను. పిల్ల చిక్కిపోయింది. చేతిలో స్టీలు క్యారియరుంది.

"అమ్మా, నేనే చేశాను. వంకాయ కూర. వేరే ఏమీ లేదు లా."

దేవుడమ్మ క్యారియరు అందుకుని గట్టు మీద పెట్టింది. మూత తీయలేదు. "కూకో. అన్నం ఒండుతాను" అంది. అన్నం, చింతపండు పులుసు, ఎండు చేప వేపుడు చేసి కూతురికి వడ్డించింది. పునిత రెండుసార్లు అడిగి వేయించుకుని తింది. తల్లి ఎదురుగా నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు పిల్ల తలకు నూనె రాసి జడ వేసి పంపించింది, మళ్ళీ ఆదివారం రమ్మంది.

ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగాక, దేవుడమ్మ క్యారియరు తీసుకెళ్ళి వెనక కాలవలో బోర్లించింది. వంకాయ కూరే. వాసన కూడా బాగుంది.

"వంకాయే గదా అక్కా" అన్నాను.

"ఒంకాయే. సూసినాను" అంది, క్యారియరు తోముతూ. "అయినా నోట్లోకి పోదు ఉమా. నానేటి సేసేది?"