తేనె బిస్కెట్ల సంఘంలో ఒకే ఒక్కడు

జూరిక్‌లో తేనె బిస్కెట్లు చేసేవాళ్ల సంఘం రాజుల కాలం నాటిది. ఇప్పుడందులో లాయర్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, పళ్ల డాక్టర్లు కూడా ఉన్నారు. బిస్కెట్లు చేసేవాడు మాత్రం ఒక్కడే, రూడి బోస్‌హార్ట్. ఏటా వసంతోత్సవం నాడు వీళ్లంతా పాతకాలపు వేషాలు కట్టి, జనంలోకి తేనె బిస్కెట్లు విసురుతూ ఊరేగుతారు. అవన్నీ రూడి కొట్లో తయారైనవే. గట్టి పిండిని కొయ్య అచ్చుల్లో నొక్కి నొక్కి అతని వేళ్లు కొంకర్లు పోయాయి. కొన్నేళ్లుగా ఆ చాకిరీ అంతా కూతురు రెగూలాదే.

రూడికి ఇక ఓపిక లేదు. సంఘంలో తన చోటు రెగూలాకి ఇమ్మని ఊరేగింపుకి ముందు సంఘం పెద్ద ఎషర్‌ని అడిగాడు.

"ఆడవాళ్లని చేర్చుకునే ఆనవాయితీ లేదు కదయ్యా. మీ అల్లుడున్నాడుగా, రెటో. అతన్ని చేర్పించు."

"వాడు ఇన్సూరెన్సు వాడయ్యా. పిండికీ సున్నానికీ తేడా తెలీదు."

"నాకు మాత్రం తెలుసా ఏంటి?" అని నవ్వాడు లాయరు ఎషర్. "రాత్రి భోజనాల్లోగా పేరు చెప్పెయ్. లేదంటే మీ ఇంటి చోటు పోయినట్టే."

రూడికి ఒళ్లు మండింది. పోట్లాడటానికి ఓపికేదీ? బిస్కెట్ల బుట్ట తగిలించుకుని కాళ్లీడ్చుకుంటూ వరసలో నడిచాడు.

ఊరేగే మగవాళ్లకి పూలివ్వడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. నది ఒడ్డున రెగూలా జనంలోంచి వచ్చి అతని చేతిలో పూలు పెట్టింది. నిద్రలేక ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అడిగావా నాన్నా?"

"అడిగాను. ఆడవాళ్లని చేర్చుకోరట. రెటో పేరు చెప్పమన్నాడు."

"పోనీలే. రెటో పేరే చెప్పెయ్. తాతల నాటి చోటు, పోగొట్టుకోవడం దేనికి?"

ఆ 'పోనీలే' అన్న మాటకి రూడి ఆగిపోయాడు. తనూ జీవితమంతా ఆ మాటే అంటూ వచ్చాడు. వరసలోంచి పక్కకు తప్పుకుని బుట్ట ఆమె చేతిలో పెట్టాడు.

"ఎవరి పేరూ చెప్పను. ఇవి నువ్వు చేసినవి, నువ్వే పంచు."

"మరి మన చోటు?"

వెనక వస్తున్న పళ్ల డాక్టరు ఒక్క అడుగు ముందుకేసి ఆ ఖాళీలోకి వచ్చేశాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

"చూశావుగా," అన్నాడు రూడి. "పంచేసి రా. ఇంటికెళ్లి పడుకుందాం."