దగ్గే తాత

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచెయ్యడం నాకు చాలా తేలిక పనిగా కనిపించేది. ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవడమే కష్టంగా ఉండేది. పిడుగురాళ్లలో ఓ ప్రైవేటు బడిలో తాత్కాలిక డ్రాయింగు మాస్టర్ని. సున్నపు బట్టీల దుమ్ము ఊరంతా తెల్లగా పరుచుకుంటుంటే నాలోని కళాకారుడు (ఒకడున్నాడని నేనే చెప్పుకోవాలి) ఊరుకోలేకపోయాడు. దుర్గిలో శిల్పాలు చెక్కే మా మేనమామ చేత నోరు తెరిచిన ముసలాయన రాతి తల చేయించి, బడి డాబా మీద నిలబెట్టాను. నూనె డబ్బాల రేకులతో బట్టీల దిక్కుకు గాలిమర కట్టి, అది తిరిగితే తల వెనక కొలిమితిత్తి ఆడి నోట్లోంచి గాలి తన్నేలా అమర్చాను. బట్టీల వైపు నుంచి గాలి వీస్తే చాలు, కరెంటుతో పని లేకుండా తాత ఖళ్లుఖళ్లుమని దగ్గేవాడు. అది విని బట్టీల యజమానులు సిగ్గుపడి పొగగొట్టాల ఎత్తు పెంచుతారని నా ఆశ.

వాళ్ల సిగ్గు సంగతేమో గానీ, ఆడవాళ్లు మాత్రం "తాత దగ్గుతుండాడే, బట్టలు తియ్యండే!" అని కేకలేసుకుంటూ డాబాలెక్కడం మొదలుపెట్టారు. దుమ్ము దిగేలోపు చీరలూ వడియాలూ ఇంట్లోకి చేరేవి.

ఇంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. నా ఉద్యోగం ఖాయం చేయాల్సిన కమిటీ ప్రెసిడెంటే ఊళ్లో పెద్ద బట్టీకి యజమాని. "ఒరేయ్ అబ్బాయ్, ఆయన వచ్చి పోయిందాకా ఆ తాత నోరు మూయించు. లేకపోతే నీ ఉద్యోగానికి నీళ్లొదులుకో" అన్నారు హెడ్మాస్టరు. మర రెక్కల్ని బుద్ధిగా తాడుతో కట్టేశాను (సంఘ సంస్కర్తకు ముడులేయడం కూడా రావాలి).

ప్రెసిడెంటు గారు మైకు ముందు "మన పల్నాడు గాలి అమృతం..." అంటుండగా పెద్ద గాలి వీచింది. తాడు తెగింది. ఖళ్! ఖళ్! షామియానాలోని ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. అందరికన్నా ముందు "అయ్యో, నా గుమ్మడి వడియాలు!" అంటూ కుచ్చిళ్లెత్తి పరిగెత్తింది ప్రెసిడెంటు గారి భార్యే. ఖాళీ కుర్చీల కేసి చూసి ఆయన, "ఎవురయ్యా ఇది పెట్టింది?" అని ఉరిమారు. నేను లేచి, హాజరు పలికే పిల్లాడిలా చెయ్యెత్తాను. ఈలోగా ఆవిడ బడి పక్కనే ఉన్న తమ డాబా నుంచి వడియాల పళ్లెంతో తిరిగొచ్చి, "ఆ మాస్టార్ని ఏమన్నా అన్నారంటే మీ కంచంలో వడియం పడదు. బట్టీ ఎటూ ఆపరు, దుమ్మొస్తందని చెప్పే తాతనన్నా ఉండనీండి!" అంది. ఆయన కాసేపు మీసం సవరించుకుని ఫక్కున నవ్వేశారు. "ఈణ్ని పర్మనెంటు చెయ్యండయ్యా, లేకపోతే నాకు ఇంట్లో కూడుండదు."

పొగగొట్టాలు అంగుళం కూడా పెరగలేదు. ఊరు నన్ను శిల్పి అంటుందనుకుంటే 'దగ్గు మాస్టారు' అంది. అప్పట్లో తెగ ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు బజార్లో ఏ నెరిసిన తలావిడో అలా పిలిస్తే, ఆనాటి వెర్రి కుర్రాడి మీద ముద్దొచ్చి, "ఏందక్కా!" అని గబుక్కున పలుకుతాను.